మా అల్లుడుగారి బీరు పెట్టె

అల్లుణ్ణి తిట్టకూడదు. అది మన ఆచారం. ఏదైనా అనాలనిపిస్తే కూతురితో చెప్పాలి. కూతురు వినకపోతే భార్యతో చెప్పాలి. ఆవిడా వినకపోతే ఇలా కాగితం మీద పెట్టుకోవాలి. నాకు ఆ మూడో గతే పట్టింది.

మొన్న మార్చిలో అల్లుడుగారి పుట్టినరోజుకని డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో మా అమ్మాయి ఇంటికి వెళ్లాం. అమ్మాయి ఆయనకొక పెట్టె కానుకగా ఇచ్చింది. ఇంట్లో బీరు చేసుకునే కిట్టట. పెట్టె మీద గడ్డం పెంచిన కుర్రాడొకడు గ్లాసెత్తి నవ్వుతున్నాడు. "మామయ్యగారూ, మీరు ఎప్పట్నుంచో చేస్తున్నారు కదా, కాస్త చూసి చెప్పండి" అన్నారు అల్లుడుగారు. విప్పాను. గ్యాలను పట్టే గాజు జగ్గొకటి. చిటికెనవేలంత లావు గొట్టం. బొమ్మలేసిన గ్లాసులు రెండు. గ్లాసుల కింద పెట్టుకునే అట్టబిళ్లలు నాలుగు. సీసా మూత తీసే ఓపెనరు. అన్నిటికంటే అడుగున మడతపెట్టిన టీషర్టు. హైడ్రోమీటరు లేదు. మూతలు బిగించే క్యాపరు లేదు. సీసాలు లేవు. సీసాలే లేనప్పుడు ఓపెనరు ఎందుకో నాకు అర్థం కాలేదు.

"బాగుంది బాబూ" అన్నాను.

నేను ఈ పనిలోకి దిగినప్పుడు ఇలా పెట్టెలో పెట్టి ఎవరూ ఇవ్వలేదు. 1977లో మిల్వాకీ వచ్చాను. ఓ ఫ్యాక్టరీలో డ్రాయింగులు గీసే ఉద్యోగం. మిల్వాకీ అంటే బీరు ఊరు. ష్లిట్జ్, పాబ్స్ట్, మిల్లర్, అప్పట్లో అందరి బట్టీలూ అక్కడే. గాలి ఇటు మళ్లిందంటే ఊరంతా మాల్ట్ ఉడుకుతున్న వాసన. మొదటిసారి ఆ వాసన తగిలినప్పుడు బస్‌స్టాపులో నిలబడి ఉన్నాను. మా అమ్మ రాగులు నానబోసి, గుడ్డలో మూటగట్టి, మొలకలొచ్చాక ఎండబెట్టి వేయించేది. అచ్చం ఆ కమ్మదనమే. మాల్ట్ అన్నా అంతే కదా, రాగులకు బదులు బార్లీ. మొలకెత్తిన గింజలో పిండిని చక్కెరగా మార్చే గుణం పుడుతుంది. ఆ తీపిని నీళ్లలోకి దింపి, హాప్స్ పూలు వేసి మరగబెట్టి, చల్లార్చి, ఈస్టు వేస్తే అది చక్కెర తిని సారాయాన్నీ గాలినీ వదులుతుంది. బీరంటే ఇంతే. మరగబెట్టిన ఆ తీపి నీళ్లను ఇక్కడివాళ్లు వర్ట్ అంటారు. నేను మొదట్నుంచీ కషాయం అనే అంటాను, రుచి చూస్తే మీరూ అంటారు.

మా పక్కింట్లో ఓ జర్మన్ తాత ఉండేవాడు. ఆయన దగ్గరే నేర్చుకున్నాను. బేస్‌మెంటులో ఆయనకో రాతి జాడీ ఉండేది, మన ఆవకాయ జాడీకి పెద్దన్నలాంటిది. అది వాళ్ల నాన్నదట. 1920 నుంచి 1933 దాకా అమెరికాలో మద్యనిషేధం ఉంది కదా, ఆ పదమూడేళ్లూ మిల్వాకీ బీరు కంపెనీలు పూట గడుపుకోడానికి మాల్ట్ పాకాన్ని డబ్బాల్లో పోసి అమ్మాయి. రొట్టెల్లోకి, బిస్కట్లలోకి అని చెప్పి అమ్మేవాళ్లు. ఊళ్లో అంత రొట్టె ఎవరు తింటున్నారని ఎవరూ అడగలేదు. ఆ డబ్బా పాకం, ఐదు పౌన్ల పంచదార, రొట్టెలోకి వేసే ఈస్టు, జాడీ. ఇదీ తాత తండ్రి కిట్టు. తాతదీ అదే. జాడీకి మూత కూడా లేదు, తువ్వాలు కప్పేవాడు.

నిషేధం ఎత్తేశాక ఇంట్లో వైను చేసుకోడానికి అనుమతిచ్చారు గానీ బీరు మాట వదిలేశారు. అలా నలభై అయిదేళ్లు గడిచిపోయాయి. చివరికి 1978 అక్టోబరు 14న ప్రెసిడెంటు కార్టర్ సంతకం పెట్టాడు. 1979 ఫిబ్రవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అమ్ముకోకూడదు, ఇంట్లో వాడుకోవాలి. పెద్దవాళ్లు ఒక్కరే ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు గానీ అంతకుమించి గానీ ఉంటే 200. అంటే వారానికి దాదాపు నాలుగు గ్యాలన్లు. అంత తాగేవాడికి చట్టంతో పనిలేదు, డాక్టరుతోనే పని. కేంద్రం ఊఁ అన్నా రాష్ట్రాలు తమ తీరిక చూసుకుని ఒప్పుకున్నాయి. ఆఖరున అలబామా, మిసిసిపీలు 2013లో సరేనన్నాయి. మా తాత మాత్రం కార్టర్ సంతకం కోసం ఆగిన మనిషి కాదు. నేను ఆగాను. వీసా మీద ఉన్నవాణ్ణి.

1979 వేసవిలో నా మొదటి బకెట్టు. హ్యాంబర్గర్ల హోటలువాళ్లు దోసకాయ పచ్చడి అయిపోయాక ప్లాస్టిక్ బకెట్లు వెనకవైపు పెట్టేవాళ్లు. అడిగితే ఊరికే ఇచ్చారు. ఐదు రోజులు కడిగాను. సబ్బు, సోడా, ఎండ, ఏది చేసినా బాగానే ఉన్నట్టుండేది. నెల తర్వాత సీసా మూత తీస్తే వెనిగరు, సోపు ఆకు వాసన. బీరులో పచ్చడి నంజుకుంటున్నట్టుంది. మా ఆవిడ ఒక్క గుక్క తాగి, "దీంట్లోకి పెరుగన్నం ఉంటే బాగుండు" అంది. ప్లాస్టిక్కు వాసనను ఎంత లోపలికి తీసుకుంటుందో ఆ రోజు తెలిసింది. అందుకే ఇప్పుడు ఎవరడిగినా మొదట చెప్పేది బకెట్టు కొత్తది కొనమనే. తినే వస్తువులు పెట్టుకోడానికి పనికొచ్చే రకం కొనమంటాను, రంగులు కలుపుకునేది కాదు. పదో పదిహేనో డాలర్ల దగ్గర పీనాసితనం చేస్తే యాభై సీసాలు సింకులో పొయ్యాలి.

రెండో ఏడాది ఇంకో ఘనకార్యం. కషాయం బుడగలు వదలడం ఆపేసింది కదా, అయిపోయిందనుకుని సీసాల్లోకి ఎత్తి మూతలు బిగించాను. ఈస్టుకు ఇంకా బోలెడు చక్కెర మిగిలే ఉంది. చలి తగ్గి ఏప్రిల్ వచ్చేసరికి ఓ రాత్రి రెండింటికి బేస్‌మెంటులో ఢామ్మని మోత. కాసేపాగి ఇంకోటి. మా ఆవిడ దొంగలనుకుని నన్ను ముందుకు తోసింది. తలుపు తీస్తే నేలంతా నురుగు, ఓ గాజుపెంకు ఎదురుగోడ చెక్కలో దిగబడి ఉంది. అది కంటికి తగిలి ఉంటే? మిగిలిన సీసాలకు తడి దుప్పటి కప్పి, చేతులకు చలి తొడుగులు, మొహానికి వెల్డింగు ముసుగు వేసుకుని ఒక్కొక్క మూతే తీశాను. తర్వాత వారమే హైడ్రోమీటరు కొన్నాను.

అదేమిటంటారా? పాలవాడు నీళ్లు కలిపాడా లేదా అని చూడ్డానికి ముంచే గాజు పుల్ల గుర్తుందా, అదే. మామూలు నీళ్లలో 1.000 చూపిస్తుంది. చక్కెర ఎక్కువైతే పైకి తేలుతుంది. మొదట్లో 1.048 ఉన్న కషాయం చివరికి 1.010కి దిగిందనుకోండి. తేడా 0.038ని 131.25 పెట్టి హెచ్చిస్తే సుమారు 5. అంటే సారాయం 5 శాతం. కానీ నాకు దాని అసలు ఉపయోగం ఆ లెక్క కాదు. రెండు మూడు రోజుల తేడాతో రెండుసార్లు చూసి, రెండుసార్లూ ఒకే అంకె వస్తేనే సీసాల్లో పొయ్యాలి. లోపలి గాలి బయటికి పోవడానికి మూతకు పెట్టే ఎయిర్‌లాకులో బుడగలు ఆగాయా లేదా అన్నది సాక్ష్యం కాదు. మూత కాస్త వదులైతే గాలి పక్కనుంచి పోతుంది, బుడగ రాదు. అల్లుడుగారి పెట్టెలో టీషర్టుకు చోటుంది, ఈ పుల్లకు లేదు. పైగా కషాయంలో తేలుతూ గంటగంటకూ ఫోనుకు కబురు పంపే యంత్రం ఒకటి వచ్చిందట, ఆయన దాని ధర నాకు చూపించారు. ఆ డబ్బుతో నేను రెండేళ్లు బీరు చేశాను. పంచదార ఎంత తిందో చెప్పించుకోడానికి బ్లూటూతా? అలాగని ఈ మాట పైకి అనలేదు.

ఇప్పుడు కిట్ల పరిమాణం సంగతి. ఒక గ్యాలను అంటే 3.8 లీటర్లు. అడుగు మడ్డి పోను తొమ్మిది పది సీసాలు. దానికీ అదే గంట మరగడం, అదే కడుగుడు, రెండు వారాలు మూసిపెట్టడం, ఆపైన సీసాల్లో మరో రెండు వారాలు. ఐదు గ్యాలన్లకూ అదే శ్రమ, చేతికొచ్చేవి యాభైకి అటూఇటూ. ఇద్దరికోసం వెట్ గ్రైండరు దించి రుబ్బి, మళ్లీ ఆ రాళ్లన్నీ కడిగినట్టుంటుంది గ్యాలను వ్యవహారం. అపార్టుమెంటులో చిన్న పొయ్యి ఉన్నవాళ్లకు, ఇది మనకు పడుతుందా లేదా అని చూద్దామనుకునేవాళ్లకు అదే మేలు, కాదనను. సొంతిల్లు, గరాజు, నలుగురు స్నేహితులు ఉన్నవాడు ఐదు గ్యాలన్ల కిట్టే కొనాలి. పేకాటకు వచ్చే నలుగురు తొమ్మిది సీసాలు ఎంతసేపట్లో ఖాళీ చేస్తారో వేరే చెప్పాలా?

ఐదు గ్యాలన్ల కిట్టు కొనేటప్పుడు బకెట్టు ఐదు గ్యాలన్లది కాకూడదు. ఆరున్నర ఉండాలి. రెండో రోజు పైకి లేచే నురుగుకు చోటు కావాలి. లేకపోతే ఎయిర్‌లాకును తన్నేసి కప్పు మీద అచ్చు వేస్తుంది. మా పాతింటి బేస్‌మెంటు కప్పు మీద ఆ గోధుమరంగు మరక ఇల్లు అమ్మేదాకా ఉంది. కొనడానికొచ్చినవాడు పైపు కారుతోందా అని అడిగితే ఏం చెప్పాలో తోచలేదు.

కార్బాయిలనే పెద్ద గాజు సీసాలు చూడ్డానికి అందంగా ఉంటాయి. లోపల నురుగు ఆడటం, మడ్డి దిగడం అన్నీ కనిపిస్తాయి. నేనూ ఇరవయ్యేళ్లు వాడాను. నిండా పోస్తే పాతిక కిలోలు. తడిచేత్తో ఎత్తాలి. ఓసారి గరాజు సిమెంటు నేల మీద చిన్నగా, చాలా చిన్నగా తగిలింది. పెంకులైపోయింది. నా బొటనవేలికి పడ్డ ఏడు కుట్లు ఇప్పటికీ చలికాలంలో లాగుతాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు గాజు జోలికి పోవద్దు. ప్లాస్టిక్కు బకెట్టు చాలు. దాన్ని మాత్రం స్టీలు పీచుతో తోమకండి. గీత పడిన చోటల్లా పురుగు కాపురం పెడుతుంది. మెత్తటి గుడ్డ వాడాలి, అయినా సంవత్సరం రెండేళ్లకు బకెట్టే మార్చుకోవాలి.

గుండిగ గురించి మా ఇంట్లో పెద్ద యుద్ధమే జరిగింది. కిట్లలో చాలామటుకు మరగబెట్టే పాత్ర ఉండదు. ఇరవై లీటర్లు పట్టేదైనా ఉండాలి, ఇంకా పెద్దదైతే మరీ మంచిది. మా ఆవిడ ఇండియా నుంచి పెళ్లిళ్ల సాంబారు కాచే స్టీలు గుండిగ తెచ్చుకుంది, ఉగాదికి తెలుగువాళ్లంతా కలిసినప్పుడు వంటకని. నేను దాంట్లో హాప్స్ మరిగించాను. ఆ ఏడాది ఉగాది సాంబారు చేదుగా ఉందని ఎవరూ బయటికి అనలేదు. ఉగాది పచ్చడిలో వేపపువ్వు ఎక్కువైందేమో, ఆ చేదే నాలుకకు అంటుకుందేమోననుకున్నారు. మా ఆవిడకు మాత్రం తెలుసు. ఆ తర్వాత నాకు విడిగా గుండిగ, విడిగా గరిటె. దానిమీద ఎర్ర నెయిల్ పాలిష్‌తో "బీరు" అని రాసింది.

మరగబెట్టేటప్పుడు పాలు కాస్తున్నట్టే కాపలా ఉండాలి. పొంగు ఒక్కసారిగా వస్తుంది, పొయ్యి మీద పడిందంటే పాకమై గట్టిపడుతుంది. డబ్బా పాకం పొయ్యబోయేముందు మంట ఆపి, గరిటెతో బాగా కలిపి, పూర్తిగా కరిగాకే మళ్లీ వెలిగించాలి. లేదా అడుగంటుతుంది. బెల్లం పాకం మాడితే అరిసెలేమవుతాయో తెలిసినవాళ్లకు ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

ఇక శుభ్రం. దీని గురించి అడక్కపోయినా చెబుతాను, ఎందుకంటే కిట్టులో అసలు సరుకు ఇదే. మా రోజుల్లో బట్టల బ్లీచే గతి. బ్లీచి నీళ్లలో నానబెట్టి, వాసన పోయేదాకా వేణ్ణీళ్లతో మళ్లీ మళ్లీ కడిగి, అయినా చివర్న బీరులో ఆస్పత్రి వాసన. పైగా స్టీలుకు బ్లీచి పడదు, తినేస్తుంది. ఇప్పుడు స్టార్ శాన్ అని ఒకటి దొరుకుతోంది. ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న మందు. ఐదు గ్యాలన్ల నీళ్లకు ఒక ఔన్సు. నిమిషం రెండు నిమిషాలు తడిపితే చాలు, కడగక్కర్లేదు. నురుగొస్తుంది, రానివ్వండి. ఈ ఒక్క విషయంలో మాత్రం ఈ కాలం పిల్లల మీద నాకు అసూయ.

అయితే అల్లుడుగారు జగ్గును కొళాయి కింద ఊరికే అలా తిప్పి, మందు పోసి, అయిపోయిందన్నారు. లోపల దుమ్ము అంటుకునే ఉంది. ముందు స్నానం, ఆ తర్వాత మడి. స్నానం చెయ్యకుండా మడిబట్ట చుట్టుకుంటే మడవుతుందా? మా నాయనమ్మ ఆవకాయ జాడీని కడిగి, ఎండలో ఆరబెట్టి, పొడిగుడ్డతో తుడిచి, అప్పుడు గానీ కారం ముట్టుకునేది కాదు. తడి గరిటె పెట్టినవాడికి ఆ పూట అన్నం లేదు. ఆవిడకు సూక్ష్మజీవులంటే ఏమిటో తెలియదు. ఆవిడ ఆవకాయకు బూజు పట్టడం నేనెరగను. బకెట్టు కింద కొళాయి ఉంటుంది చూడండి, దాన్ని కూడా ప్రతిసారీ విప్పి కడగాలి. నాలుగు బ్యాచులు వరసగా పులిసిపోయిన ఓ స్నేహితుడి కొళాయి నేను విప్పి చూపించాను. లోపలున్నదేమిటో భోజనం వేళ చదివేవాళ్ల కోసం రాయడం లేదు.

ఊరి నీళ్ల గురించి కూడా ఓ మాట. నీళ్ల శాఖవాళ్లు వేసే క్లోరిను, క్లోరమీను బీరులో పడితే గాయానికి వేసే పట్టీ వాసన వస్తుంది. క్యాంప్‌డెన్ మాత్ర ఒకటి నలిపి వేస్తే ఇరవై గ్యాలన్ల నీళ్లు సరవుతాయి. ఐదు గ్యాలన్లకు పావు మాత్ర. ఎంతో కాదు, పైసల్లో పని.

తాత కాలంలో రొట్టె ఈస్టే. అది గింజకు రుచి ఇవ్వదు, రొట్టెలాగే వాసనేస్తుంది. పాకం డబ్బా మూత కింద చిన్న పొట్లం పెట్టేవాళ్లు, ఎన్నాళ్ల కిందటిదో దేవుడికే తెలియాలి. హాప్స్ అంటే గోధుమరంగుకు తిరిగిన ఎండుటాకు, జున్ను వాసన. ఇప్పుడు పదకొండున్నర గ్రాముల పొట్లాల్లో రకరకాల ఈస్టులు, గాలి తీసేసి సీలు వేసిన పచ్చటి హాప్స్. ఎప్పుడు ప్యాకు చేశారో తేదీ ఉంటుంది. కాబట్టి మా బీరు బాగుండేదని నేను అనను. ఘోరంగా ఉండేది. పంచదార ఎక్కువై పల్చగా, పుల్లగా, తలనొప్పితో సహా. బౌల్డరులో చార్లీ పాపజియన్ అని ఒకాయన, అణు ఇంజనీరింగు చదివి బళ్లో పిల్లలకు పాఠాలు చెప్పిన మనిషి, 1978లో హోంబ్రూయర్ల సంఘం పెట్టి, 1984లో ఓ పుస్తకం అచ్చువేశాడు. కంగారుపడకండి, అదే అవుతుందని ధైర్యం చెప్పే పుస్తకం. అది చదివాకే పంచదార మానేసి మొత్తం మాల్టే వాడటం మొదలుపెట్టాను. ఆ ఏడాదే మొదటిసారి మా ఆవిడ రెండో గుక్క తాగింది.

మరి గొణుగుడు దేనికంటారా? అంగడి పోయింది. మా వైపు ఓ దుకాణం ఉండేది. వెళ్తే యజమాని గింజ అరచేతిలో పోసి కొరకమనేవాడు. హాప్స్ రెండు చేతుల మధ్య నలిపి ముక్కు దగ్గర పెట్టేవాడు. పాడైన సీసా తీసుకెళ్తే ఓ చుక్క నాలుక మీద వేసుకుని, "ఎండలో పెట్టావు, ఉడుంపిల్లి వాసన" అనో "వేడిలో పులియబెట్టావు" అనో చెప్పేవాడు. బీరుకు ఎండ తగిలితే హాప్స్ విరిగి ఆ కంపు వస్తుంది. అందుకే గోధుమరంగు సీసా. పచ్చసీసా, తెల్లసీసా ఎంత అందంగా ఉన్నా వద్దు. ఇప్పుడా అంగడి చోట ఫోన్లు అమ్ముతున్నారు. పెట్టె ఇంటికొస్తుంది, పెట్టెలో కాగితం ఉంటుంది, కాగితం నాలుక మీద చుక్క వేసుకోదు.

హైదరాబాద్‌లో మా మేనల్లుడు కూడా "మామయ్యా, వచ్చేటప్పుడు ఓ కిట్టు పట్రా" అంటాడు ఏడాదికోసారి. అక్కడ లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు చేస్తే ఎక్సైజు నేరంరా అబ్బీ, పోలీసు మన గుండిగ పట్టుకుపోతాడు అని చెప్పి తప్పించుకుంటూ ఉంటాను. వాణ్ణి ఎన్నైనా అనొచ్చు. అల్లుడితోనే కష్టం.

పుట్టినరోజు అయిన మూడో రోజు నేనూ అల్లుడుగారూ కారెక్కి డల్లాస్ వైపు ఇంకా మిగిలిన ఓ దుకాణానికి వెళ్లాం. వంద డాలర్లు దాటింది గానీ రెండొందల్లోపే తేలింది. ఆరున్నర గ్యాలన్ల బకెట్టు, కొళాయి ఉన్న ఇంకో బకెట్టు, ఎయిర్‌లాకు, హైడ్రోమీటరు రెండు, ఎందుకంటే ఒకటి మొదటి నెలలోనే పగులుతుంది. సైఫను, సీసాలు నింపే గొట్టం, రెండు చేతుల ఎర్ర క్యాపరు, మూతలు, థర్మామీటరు, శుభ్రం మందు. ఓ తేలికపాటి ఏల్ రకం పాకం, ఈస్టు పొట్లం. నేను దేనికీ ముక్కు విరవలేదు. ఒక్క బొమ్మల గరిటె మాత్రం మళ్లీ అరలో పెట్టించాను.

ఆదివారం మరగబెట్టాం. సింకులో ఐసు ముక్కలు పోసి గుండిగ అందులో పెట్టి చల్లార్చాం. అల్లుడుగారు ఈస్టు పొట్లం చింపుతుంటే ఆగమన్నాను. థర్మామీటరు ముప్పై నాలుగు డిగ్రీల సెల్సియస్ చూపిస్తోంది. "తోడు ఎప్పుడు వేస్తారు బాబూ, పాలు పొగలు కక్కుతుంటే వేస్తారా?" అన్నాను. "నేనెప్పుడూ తోడు పెట్టలేదు మామయ్యగారూ, కాస్ట్‌కోలో పెరుగు కొంటాం" అన్నారు. ఇరవైకి దిగేదాకా ఇద్దరం గుండిగ చుట్టూ కూర్చున్నాం. మధ్యలో ఆయన తన ఆఫీసు సంగతులు చెప్పారు. పెళ్లయి ఆరేళ్లయింది, అంతసేపు మాట్లాడుకోవడం అదే మొదలు.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. మిల్వాకీలో నా బేస్‌మెంటు ఏడాదిలో తొమ్మిది నెలలు పదహారు పద్దెనిమిది డిగ్రీలు. ఏల్ ఈస్టుకు అదే కావాలి. ఫ్రిస్కో ఇల్లు ఏసీ వేసినా ఇరవై అయిదు. దానికితోడు ఈస్టు పని చేస్తుంటే దాని సొంత వేడి ఒకటి. వేడిలో ఈస్టు పరుగులు పెడుతుంది, పెయింటు థిన్నరు వాసన, మర్నాడు తలపోటు. అల్లుడుగారు వెంటనే ఫోను తీసి చల్లబరిచే యంత్రాల ధరలు చూడబోయారు. నేను వాళ్లింట్లో పాపకు స్నానం చేయించే ప్లాస్టిక్ తొట్టి తెమ్మన్నాను. బకెట్టును తొట్టిలో పెట్టి, సగం దాకా నీళ్లు పోసి, బకెట్టుకు బట్ట తొడిగి, అంచు నీళ్లలో ఆనేలా వదిలి, ఎదురుగా ఫ్యాను పెట్టాను. ఎండాకాలం మా ఊళ్లో మంచినీళ్ల కుండకు తడిగుడ్డ చుట్టేవాళ్లం, అదే కిటుకు. పొద్దునా సాయంత్రం గడ్డకట్టిన నీళ్ల సీసా ఒకటి తొట్టిలో వేస్తే పంతొమ్మిది దగ్గర నిలబడింది. తొడిగిన బట్ట ఏదంటారా? పెట్టె అడుగున వచ్చిన టీషర్టు. కొలత కుదిరినట్టు పట్టింది.

మేం తిరిగొచ్చేశాం. నిన్న అల్లుడుగారు ఫోను చేశారు. రెండుసార్లు చూశారట, రెండుసార్లూ 1.011. ఇక సీసాల్లో పొయ్యొచ్చు. ఐదు గ్యాలన్లకు ఐదు ఔన్సుల మొక్కజొన్న చక్కెర, ఓ గ్లాసు నీళ్లలో మరిగించి చల్లార్చి కలపమన్నాను, ఒక్క చెంచా ఎక్కువ వెయ్యొద్దని మూడుసార్లు చెప్పాను. వెల్డింగు ముసుగు కథ అప్పుడే చెప్పాను. కాసేపు ఫోనులో ఏ చప్పుడూ లేదు.

సీసాలే తక్కువయ్యాయి. కొత్తవి కొంటానంటే నేను ఒప్పుకోలేదు. 1980లో తెలుగువాళ్ల పిక్నిక్కులో నేను ఖాళీ సీసాలు ఏరుతుంటే పాపం ఉద్యోగం పోయినట్టుందని చెప్పుకున్నారు, అయినా ఏరాను. ఇప్పటికి ముప్పై ఆరు పోగయ్యాయి, ఇంకో పద్నాలుగు కావాలి. ఫ్రిస్కో చుట్టుపక్కల ఉన్నవాళ్లెవరైనా ఇది చదువుతుంటే, ఈ శనివారం తాగిన సీసాలు చెత్తలో వెయ్యకుండా కాస్త కడిగి పక్కన పెట్టండి. పన్నెండు ఔన్సులవి, గోధుమరంగువి. చేత్తో తిప్పితే ఊడివచ్చే మూతలవి మాత్రం వద్దు, వాటి మీద మా క్యాపరు మూత నిలబడదు.